బోటుకి రెండో షోర్ పవర్ కనెక్షన్: తెల్ల వైర్లు కలవకూడదు, పచ్చ వైర్లు విడిపోకూడదు

టెక్సస్ ఎండల్లో క్యాబిన్ బోటు ఉన్నవాళ్లకి జూలై వచ్చిందంటే ఒకటే గొడవ. డాక్ మీదుండే కరెంటు పెట్టె (పెడెస్టల్) నుంచి కార్డుతో, అంటే మందపాటి కేబుల్‌తో, బోటుకి తెచ్చుకునే కరెంటే షోర్ పవర్, ఆ కార్డు బోటుకి తగిలే సాకెట్టే ఇన్‌లెట్. ఏసీ నడుస్తుంటుంది, ఎవరో మైక్రోవేవ్ నొక్కుతారు, బ్రేకర్ పడిపోతుంది. డాక్ మీదికెళ్లి బ్రేకర్ ఎత్తి వచ్చేలోపు వాటర్ హీటర్ అందుకుని మళ్లీ పడుతుంది. అప్పుడు అందరికీ వచ్చే ఆలోచన ఒకటే, పెడెస్టల్‌లో పక్కన ఇంకో 30 ఆంపుల ప్లగ్ ఖాళీగా ఉంది కదా, బోటుకి ఇంకో ఇన్‌లెట్ పెట్టేస్తే సరిపోదా అని. పెట్టుకోవచ్చు, చాలా బోట్లు ఫ్యాక్టరీ నుంచే రెండు ఇన్‌లెట్లతో వస్తాయి. కాకపోతే దాన్ని పెట్టే పద్ధతి తెలియకుండా పెడితే ప్రమాదం మీ బోటులో వాళ్లకే కాదు, పక్క స్లిప్ (బోటు కట్టే చోటు) దగ్గర నీళ్లలో దిగిన పిల్లలకి కూడా. నేను రాస్తున్నదంతా అమెరికాలోని 120 వోల్టులు, 30 ఆంపుల సిస్టమ్ గురించి. యూకేలో, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకి వోల్టేజీ, ప్లగ్గులు, వైరు రంగులు, రూల్స్ అన్నీ వేరు కాబట్టి ఈ అంకెలు అక్కడ పనికిరావు.

ముందు లెక్క చూసుకోండి, ఎందుకంటే కొందరికి అసలు రెండో కనెక్షన్ అక్కర్లేదు. 30 ఆంపులని 120తో గుణిస్తే 3600 వాట్లు. గంటల తరబడి ఆగకుండా లాగే లోడుకి అందులో 80 శాతమే లెక్కలోకి తీసుకోవాలి, అంటే 24 ఆంపులు, 2880 వాట్లు. 16,000 బీటీయూ ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 12 నుంచి 14 ఆంపులు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో అయితే దానికి కొన్ని రెట్లు. 1500 వాట్ల వాటర్ హీటర్ 12.5 ఆంపులు. ఈ రెండూ కలిస్తేనే 24 దాటిపోయింది, ఇంకా బ్యాటరీ చార్జరూ ఫ్రిజ్జూ మైక్రోవేవూ లెక్కలోకే రాలేదు. ఏసీ ఒక్కటే ఉండి, అది స్టార్ట్ అయ్యేటప్పుడు మాత్రమే బ్రేకర్ పడుతుంటే ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ (మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుని తగ్గించేది) పెట్టించుకోండి, హీటర్‌ని పొద్దున్నే ఒక గంట వేసి ఆపేయండి, పని అయిపోతుంది. రెండో ఏసీ పెట్టాలనుకున్నా, వారాల తరబడి బోటు మీదే ఉంటున్నా అప్పుడు రెండో ఇన్‌లెట్ గురించి ఆలోచించండి.

అలాగే బోటుకి రంధ్రం కొట్టకముందే మీ స్లిప్ దగ్గర పెడెస్టల్‌లో నిజంగా రెండు 30 ఆంపుల అవుట్‌లెట్లు ఉన్నాయా, అందులో రెండోది మీదేనా, పక్క స్లిప్ వాళ్లదా అని మెరీనా (బోట్లు కట్టే రేవు) ఆఫీసులో అడగండి. కొన్నిచోట్ల ఒక 30, ఒక 50 ఉంటాయి. 125/250 వోల్టుల 50 ఆంపుల అవుట్‌లెట్ నుంచి వై అడాప్టర్‌తో రెండు 30లు తీసుకోవచ్చు, అది సరైన పద్ధతే. ఒకే 30 ఆంపుల అవుట్‌లెట్‌ని రెండుగా చీల్చే అడాప్టర్ కొంటే మాత్రం డబ్బు దండగ, మొత్తం మీద వచ్చేది అదే 30 ఆంపులు.

ఇక దీని గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఎలక్ట్రిక్ షాక్ డ్రౌనింగ్ అని ఒకటుంది. ఏదో ఒక బోటులో హాట్ వైరు (కరెంటు తెచ్చే నల్ల వైరు) నుంచి కరెంటు లీకై, ఆ బోటు గ్రౌండ్ వైరు (రక్షణకి ఉండే ఆకుపచ్చ వైరు) కూడా సరిగ్గా లేకపోతే, ఆ కరెంటు ప్రొపెల్లర్, షాఫ్ట్ లాంటి లోహాల గుండా నీళ్లలోకి దిగి ఒడ్డుకి తిరిగి పోయే దారి వెతుక్కుంటుంది. ఉప్పునీళ్లలో అయితే కరెంటు మనిషిని వదిలేసి చుట్టూ ఉన్న నీళ్లలోంచే పోతుంది. మంచినీళ్ల లేక్‌లో నీళ్ల కంటే మనిషి ఒళ్లే కరెంటుకి మంచి దారి. అతి కొద్ది మిల్లీ ఆంపులకే కండరాలు బిగుసుకుపోతాయి, ఈత వచ్చినవాళ్లు కూడా అరవలేక మునిగిపోతారు. బయటికి చూస్తే మామూలుగా మునిగిపోయినట్టే ఉంటుంది. కాపాడదామని దూకినవాళ్లకీ అదే గతి. అందుకే మెరీనాలో, కరెంటు ఉన్న డాక్ దగ్గర ఎవరూ ఈత కొట్టకూడదు, ఇది పెద్దవాళ్లకీ వర్తిస్తుంది. ఎవరైనా నీళ్లలో బిగుసుకుపోయినట్టు కనిపిస్తే ముందు పెడెస్టల్ బ్రేకర్లు ఆపండి, కార్డులు పీకండి, రింగో తాడో విసరండి, 911కి ఫోన్ చేయించండి. దూకొద్దు.

అమెరికాలో బోటు వైరింగ్‌కి ఏబీవైసీ (అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్) వాళ్ల ఈ-11 ప్రమాణం ఆధారం. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినా దాన్నే పట్టుకుని చూస్తాడు. ఇంట్లో ఫ్యాన్లు బిగించిన అనుభవంతో ఈ పనిలోకి దిగకండి, ఇళ్లకి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌ని కూడా పిలవకండి, ఆయన పనిలో ఆయన ఎంత మంచివాడైనా సరే. ఇంటి మెయిన్ ప్యానెల్‌లో న్యూట్రల్‌నీ (కరెంటు తిరిగిపోయే తెల్ల వైరు) గ్రౌండ్‌నీ కలపడం ఆయన అలవాటు, బోటులో షోర్ పవర్ మీద ఉన్నప్పుడు ఆ రెండూ కలిస్తే ప్రాణాంతకం. ఇన్‌లెట్‌కి రంధ్రం కొట్టడం, కేబుల్ లాగడం, క్లాంపులు బిగించడం ఓపిక ఉన్నవాళ్లు చేసుకోవచ్చు. ప్యానెల్ కనెక్షన్లు, చివరి పరీక్షలు మాత్రం ఏబీవైసీ సర్టిఫికెట్ ఉన్న మెరైన్ ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఏం చేయించాలో, ఏం అడగాలో మీకు తెలిసి ఉండటం కోసమే మిగతాదంతా.

అసలు సూత్రం ఇది. రెండో కనెక్షన్ అంటే మొదటిదానికి బలం చేకూర్చడం కాదు, పూర్తిగా వేరే సిస్టమ్ పెట్టడం. ఒకే ఇంట్లో రెండు వాటాలు ఉన్నట్టు: ఎవరి మీటరు వాళ్లది, ఎవరి మెయిన్ స్విచ్ వాళ్లది, పునాది ఒక్కటే ఉమ్మడి. ఇక్కడ ఆ పునాది పచ్చ వైరు, అంటే ఆకుపచ్చ గ్రౌండ్ వైరు. నల్ల వైరు, తెల్ల వైరు, మెయిన్ బ్రేకర్, బస్ బార్ (వైర్లు వరసగా బిగించే లోహపు పట్టీ) అన్నీ రెండో లైనుకి విడిగా ఉండాలి.

రెండు ఇన్‌లెట్ల నల్ల వైర్లని ఒకే బస్‌కి కలిపేస్తే 60 ఆంపులు వస్తాయి కదా అని అడిగేవాళ్లున్నారు. కలపకూడదు, ఏ పరిస్థితిలోనూ. పెడెస్టల్‌లో ఆ రెండు అవుట్‌లెట్లు రెండు వేర్వేరు లెగ్గుల (120 వోల్టుల లైన్ల) మీద ఉండొచ్చు, వాటి మధ్య 240 వోల్టులు ఉంటుంది, కలిపిన క్షణంలో నేరుగా షార్ట్. అదృష్టం కొద్దీ ఒకే లెగ్ మీద ఉన్నా సరే, ఒక కార్డు పీకగానే ఆ ఖాళీ ఇన్‌లెట్‌లో బయటికి కనిపించే పిన్నుల మీద కరెంటు ఉంటుంది. తడి చేత్తో ఎవరైనా ముట్టుకుంటే అంతే.

నల్ల వైర్ల సంగతి చాలామంది ఊహించగలరు. తెల్ల వైర్ల దగ్గరే మంచి మంచివాళ్లు కూడా తప్పుతారు. ప్యానెల్ వెనక చూస్తే తెల్ల వైర్లన్నీ వరసగా ఒకే బస్ బార్ మీద స్క్రూలతో బిగించి ఉంటాయి, ఏసీని కొత్త లైను మీదికి మార్చేటప్పుడు దాని నల్ల వైరుని కొత్త బ్రేకర్‌కి మార్చేసి, తెల్ల వైరు ఎలాగూ న్యూట్రలే కదా అని పాత బస్ మీదే వదిలేస్తారు. ఇప్పుడు కరెంటు రెండో కార్డులోంచి వచ్చి మొదటి కార్డులోంచి తిరిగి పోతోంది. ఏసీ చల్లగానే నడుస్తుంది, చూసేవాళ్లకి ఏ తేడా తెలియదు. కానీ మొదటి కార్డు తెల్ల వైరు మీద రెండు లైన్ల భారం పడే అవకాశం ఉంది, పెడెస్టల్‌లో మామూలు బ్రేకర్ నల్ల వైరుని మాత్రమే చూస్తుంది కాబట్టి తెల్లది కాలుతున్నా అది పడదు. ఇంకా ఘోరం ఏమిటంటే, మొదటి కార్డు పీకేసి రెండోది ఉంచితే, కరెంటు ఏసీ మోటారులోంచి వచ్చి మొదటి ఇన్‌లెట్ న్యూట్రల్ పిన్ను మీద కూర్చుంటుంది.

నాకు తెలిసిన ఒక బోటుకి ఇలాగే వైరింగ్ చేసి ఉంది, పాత డాక్‌లో ఏళ్ల తరబడి బాగానే నడిచింది. కొత్త మెరీనాకి మార్చి ప్లగ్ పెట్టిన క్షణంలో రెండు బ్రేకర్లూ పడిపోయాయి. మెరీనాదే తప్పని వాదించారు కూడా. తప్పు మెరీనాది కాదు. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ 2017 ఎడిషన్ నుంచి మెరీనాలకి 30 మిల్లీ ఆంపుల గ్రౌండ్ ఫాల్ట్ రక్షణ అడుగుతోంది, వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే ఆ పరికరం ఆపేస్తుంది. కొత్త డాక్‌లో మీ బోటు ట్రిప్ అవుతోందంటే డాక్‌ని తిట్టుకోకుండా బోటు విప్పి చూడండి.

కాబట్టి కొత్త లైనుకి మార్చే ప్రతి సర్క్యూట్‌కీ నల్ల, తెల్ల వైర్లు జంటగా కదలాలి. కేబుల్‌ని చివరిదాకా చేత్తో పట్టుకుని వెతికి, ఈ తెల్లది ఈ నల్లదాని జతే అని తేలాకే స్క్రూ విప్పండి. రెండు న్యూట్రల్ బస్‌ల మీద 1, 2 అని పెద్దగా రాసి అతికించండి. సులువైన విభజన ఏమిటంటే చార్జరు, ఫ్రిజ్జు, మైక్రోవేవ్, గోడ అవుట్‌లెట్లు పాత లైను మీదే ఉంచి, ఏసీలని వాటి నీళ్ల పంపుతో సహా కొత్తదాని మీదికి మార్చడం. వాటర్ హీటర్‌ని ఏ వైపు ఖాళీ ఉంటే ఆ వైపు.

పచ్చ వైరు దీనికి పూర్తిగా ఉల్టా. రెండు ఇన్‌లెట్ల పచ్చ వైర్లూ బోటులోని ఒకే 120 వోల్టుల గ్రౌండ్ బస్‌కి చేరాలి, ఆ బస్ బ్యాటరీ వైపు డీసీ నెగటివ్‌కి కలిసి ఉండాలి. తుప్పు పట్టకుండా ఉండాలని కొందరు ఆ డీసీ కనెక్షన్ పీకేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, లీకైన కరెంటు నీళ్లలోకి పోకుండా ఒడ్డుకి పోయే దారి అదే. తుప్పుకి మందు గాల్వానిక్ ఐసొలేటర్. ఇది పచ్చ వైరు మధ్యలో కూర్చుని, పక్క బోట్ల నుంచి వచ్చే ఒక వోల్టు లోపు డీసీని ఆపుతుంది, ఫాల్ట్ కరెంటుని వదిలేస్తుంది. మీ బోటుకి ఇప్పటికే ఐసొలేటర్ ఉండి, రెండో ఇన్‌లెట్ పచ్చ వైరుని నేరుగా గ్రౌండ్ బస్‌కి బిగించారనుకోండి, కరెంటు ఐసొలేటర్‌ని తప్పించుకుని ఆ రెండో దారిలో హాయిగా పోతుంది, జింక్ ఆనోడ్లు (మిగతా లోహాల బదులు తాము కరిగేవి) చకచకా కరిగిపోతుంటే కారణం తెలియక జుట్టు పీక్కుంటారు. ఒక్కో ఇన్‌లెట్‌కి ఒక్కో ఐసొలేటర్ అయినా పెట్టాలి, లేదా రెండు పచ్చ వైర్లనీ ముందు కలిపి, రెండింటికీ సరిపోయే పెద్ద ఐసొలేటర్ ఒకటైనా పెట్టాలి. కొనేటప్పుడు ఫెయిల్ సేఫ్ రకమే అడగండి, అది పాడైనా గ్రౌండ్ తెగదు.

ఇక చేతిపని. పని మొదలుపెట్టకముందు షోర్ కార్డుని పెడెస్టల్ దగ్గర పీకేసి డాక్ మీద కళ్లెదుట పెట్టుకోండి, జనరేటర్ ఆపండి, ఇన్వర్టర్ ఆపండి. ఇన్వర్టర్‌ని మర్చిపోయేవాళ్లు ఎక్కువ, కార్డు పీకగానే అది బ్యాటరీలోంచి 120 వోల్టులు తయారుచేసి ప్యానెల్‌కి పంపుతుంది. అన్నీ ఆపాక కూడా మీటరుతో చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టండి.

కొత్త ఇన్‌లెట్ పాతదాని పక్కనే, అలలూ వాన నీళ్లూ నిలవని ఎత్తులో, వెనకవైపు చెయ్యి పట్టేంత చోటున్న దగ్గర పెట్టండి. ఫైబర్‌గ్లాస్‌కి రంధ్రం కొట్టాక అంచుని చూడండి, మధ్యలో బాల్సా చెక్క పొర కనిపిస్తే దాన్ని కొద్దిగా గోకి తీసి ఎపాక్సీతో మూసేయాలి, లేకపోతే రెండేళ్లలో నీళ్లు పట్టి ఆ గోడంతా మెత్తబడుతుంది. సీలెంట్‌గా త్రీఎమ్ 5200 లాంటి శాశ్వతంగా అతుక్కుపోయేది వాడకండి, ఇన్‌లెట్ ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. స్టీల్ ఇన్‌లెట్ అయితే దాని లోహపు చట్రానికి కూడా గ్రౌండ్ అందాలి.

వైరు విషయంలో కక్కుర్తి వద్దు. హోమ్ డిపోలో దొరికే ఇంటి వైరు రోమెక్స్‌లో ఒకే మందపాటి తీగ ఉంటుంది, బోటు అదురుడికి అది విరుగుతుంది. సన్నటి పోగులతో, తగరం పూత ఉన్న మెరైన్ కేబుల్, 10 గేజ్, మూడు వైర్లది తీసుకోండి. దారి పొడుగైతే 8 గేజ్. ప్రతి 18 అంగుళాలకి ఒక క్లాంపు వేయండి. వైర్లని మెలిపెట్టి టోపీలు బిగించే పద్ధతి బోటులో పనికిరాదు, రింగ్ టెర్మినల్‌ని రాచెట్ క్రింపర్‌తో నొక్కి, చేత్తో గట్టిగా లాగి చూసి, అప్పుడు బిగించండి.

ఇంకో మాట, పాత అమెరికన్ బోట్లలో డీసీ నెగటివ్ కూడా నల్ల వైరే. 120 వోల్టుల హాట్ కూడా నల్లదే. ప్యానెల్ వెనక రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి. కొత్త బోట్లలో డీసీ నెగటివ్‌కి పసుపు వాడేది అందుకే. పాత బోటయితే ఏ నల్ల వైరు దేనిదో మీటరుతో తేల్చుకుని ట్యాగ్ కట్టేదాకా దేన్నీ విప్పకండి. 120 వోల్టుల కనెక్షన్ల మీద పనిముట్టు లేకుండా తెరవలేని మూత కూడా ఉండాలి.

ఇన్‌లెట్ నుంచి వైరు పొడవునా కొలిస్తే 10 అడుగుల లోపే కొత్త లైనుకి సొంత మెయిన్ బ్రేకర్ రావాలి. అది డబుల్ పోల్ ఉండాలి, అంటే నల్లదాన్నీ తెల్లదాన్నీ ఒకేసారి తెంచాలి, ఎందుకంటే ఏ డాక్‌లోనో ఎవరో రెండు వైర్లు తారుమారు చేసి ఉండొచ్చు. ఈఎల్‌సీఐ, అంటే కరెంటు లీకేజీని పట్టే పరికరం, కలిసి ఉన్న బ్రేకరే కొనండి. లీకేజీ 30 మిల్లీ ఆంపులకి చేరితే 100 మిల్లీ సెకన్లలోపు ఆపేస్తుంది. వంటగదిలో ఉండే జీఎఫ్‌సీఐ అవుట్‌లెట్, అదీ లీకేజీని పట్టేదే, 5 మిల్లీ ఆంపులకే పడుతుంది, కాబట్టి ఈఎల్‌సీఐ ఉంది కదా అని వాటిని తీసేయకండి. పాత ఇన్‌లెట్‌కి ఈఎల్‌సీఐ లేకపోతే ఇదే పనిలో దానికీ పెట్టించేయండి. ఈ మొత్తం ఖర్చులో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఆ బ్రేకరే.

జనరేటర్ ఉంటే ట్రాన్స్‌ఫర్ స్విచ్ (షోర్ పవర్‌కీ జనరేటర్‌కీ మధ్య మార్చేది) మారుతున్నప్పుడు ఒక సోర్స్ పూర్తిగా తెగాకే ఇంకోటి కలవాలి, నల్లదీ తెల్లదీ రెండూ మారాలి. జనరేటర్ దగ్గర న్యూట్రల్, గ్రౌండ్ కలిసే ఉంటాయి, అది సరైనదే, కానీ ఆ కలయిక షోర్ పవర్ మీద ఉన్నప్పుడు ప్యానెల్‌లోకి రాకూడదు. ఇన్వర్టర్ నుంచి వచ్చే న్యూట్రల్ కూడా అది ఏ లైను మీద ఉందో ఆ లైనుకే పరిమితం.

ప్లగ్ పెట్టకముందు పరీక్ష. కార్డులు రెండూ లేకుండా, మెయిన్ బ్రేకర్లు ఆన్‌లో ఉంచి, ఇన్‌లెట్ల దగ్గర మీటరుతో ఓమ్స్ (నిరోధం) చూడండి. మొదటిదాని తెల్లదానికీ రెండోదాని తెల్లదానికీ మధ్య సంబంధం ఉండకూడదు. నల్లవాటి మధ్య ఉండకూడదు. ఏ తెల్లదానికీ పచ్చదానితో కలయిక ఉండకూడదు, రివర్స్ పొలారిటీ దీపం (నల్ల, తెల్ల వైర్లు తారుమారైతే వెలిగేది) వల్ల వేల ఓముల రీడింగ్ కనిపిస్తే కంగారు పడొద్దు, దాదాపు సున్నా చూపిస్తే మాత్రం అక్కడే ఆగిపోండి. గ్రౌండ్ బస్ నుంచి ప్రతి అవుట్‌లెట్ గ్రౌండ్ పిన్నుదాకా ఒక ఓము లోపే రావాలి. ఐసొలేటర్‌కి అటూ ఇటూ మామూలు ఓమ్స్‌తో కొలిస్తే తెగిపోయినట్టు చూపించొచ్చు, దాన్ని తయారీదారు చెప్పిన పద్ధతిలోనే పరీక్షించండి.

కరెంటు ఇచ్చాక మిల్లీ ఆంపులు చూపించే లీకేజీ క్లాంప్ మీటరుతో ఎలక్ట్రీషియన్ చేత ఒక పని చేయించండి. క్లాంప్‌ని ఒక్కో కార్డు మొత్తం చుట్టూ వేసి, ఏసీలూ హీటరూ నడుస్తుండగా చూడాలి. ఒక్కో కార్డు మీద ఆంపుల్లో తేడా చూపించి, రెండు కార్డులూ కలిపి పట్టుకుంటే సున్నా అవుతోందా, తెల్ల వైర్లు దాటుకున్నాయన్నమాట. రెండూ కలిపి పట్టుకున్నప్పుడు కూడా ఏదో మిగులుతోందా, ఆ మిగిలింది నీళ్లలోకి పోతోంది, ప్లగ్ పీకేసి సర్క్యూట్లు ఒక్కొక్కటీ వెతకాల్సిందే. కొన్ని మిల్లీ ఆంపులు ఒక కార్డులో వచ్చి ఇంకో కార్డులో పోతూ కనిపిస్తే అది పచ్చ వైర్ల గుండా మెరీనాలోనే తిరిగే కరెంటు కావొచ్చు, బోటులో అన్నీ ఆపేసి చూస్తే తేలిపోతుంది.

కార్డులకి రెండు చివర్లా 1, 2 అని టేపు చుట్టండి, ఇన్‌లెట్ల దగ్గర వోల్టేజీ, ఆంపులు రాసిన లేబుల్ అతికించండి. ప్లగ్ పెట్టేటప్పుడు బోటులో మెయిన్ ఆపి, పెడెస్టల్ బ్రేకర్ ఆపి, ముందు బోటు వైపు, తర్వాత ఒడ్డు వైపు. తీసేటప్పుడు ముందు ఒడ్డు వైపు. కార్డు వేలాడి నీళ్లలో మునగకుండా, బరువంతా ప్లగ్ మీద పడకుండా కట్టండి.

మొదటిసారి పూర్తి లోడు మీద ఒక గంట నడిచాక నాలుగు ప్లగ్గుల మీదా చెయ్యి వేసి చూడండి. ట్విస్ట్ లాక్ ప్లగ్గుల్లో పిన్నులు తగిలే చోటు చిన్నది, కాస్త లూజైనా, కాస్త చిలుము పట్టినా అక్కడే వేడెక్కుతుంది. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోడు ఆపి విప్పండి. పిన్ను పక్కన ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంటే ఆ కార్డు చివరనీ, అది కూర్చునే ఇన్‌లెట్‌నీ రెండూ ఒకేసారి మార్చేయండి, ఒక్కటే మారిస్తే మిగిలిన కాలిన పిన్ను కొత్తదాన్ని కూడా కాల్చేస్తుంది.